రెండు వందల పన్నెండో మనిషి

అజ్మాన్,
17 నవంబరు 2023, శుక్రవారం.

తెల్లవారక ముందే ఉరుములతో వాన మొదలైంది. ఇప్పటికీ సన్నగా పడుతూనే ఉంది. ఇక్కడి రోడ్లకు నీళ్లు పోయే దారి ఉండదు కాబట్టి మా మెట్ల దాకా వచ్చాయి. నేనూ, నా గదిలో ఉండే అయూబూ చెరో బకెట్టు పట్టుకుని తొమ్మిదింటి దాకా తోడాము.

నిఖితా, బాపు దీవెనలు. నా ఒంట్లో బాగుంది. హాస్టల్లో నువ్వూ, మెట్‌పల్లిలో మీ అమ్మా కులాసాగా ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. నేను మాట్లాడితే ఒక తీరు, రాస్తే ఒక తీరు అని నువ్వు నవ్వుతావు. ఏం చేయను, రాయడం నేను బడిలో నేర్చుకోలేదు. బైండింగుకు వచ్చిన థీసిస్‌లు చూసి నేర్చుకున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను. మోకాలి నొప్పి తగ్గింది. తొక్కు సీసా పగలకుండా చేరింది, సగం అయూబ్ తిన్నాడు. మీ అమ్మకు ఫోను చేయడం లేదని కోప్పడ్డావు. రోజూ చేస్తున్నాను. తిన్నవా అంటుంది, తిన్న అంటాను. వాన పడ్డదా అంటుంది, ఎడారిలో వానేందే అంటాను. అక్కడికి మా మాటలు అయిపోతాయి. ఇవాళ మాత్రం చెప్పడానికి వాన ఉంది.

ఇక అసలు సంగతి. బీడీలు చేసే ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీద నువ్వు నాలుగేళ్లు కష్టపడి రాసిన పేపరును ఒక జర్నల్ తీసుకున్నదని, సోమవారం లోపల హక్కుల కాగితం మీద సంతకం పెట్టి ఆరు వందల డాలర్లు కట్టాలని రాశావు. పేపరు అచ్చయితే తప్ప మీ దగ్గర థీసిస్ తీసుకోరని కూడా రాశావు. మీ అమ్మ తన బీడీల పీఎఫ్ తీసి ఇస్తానంటున్నది. ఆ జర్నల్ ఆఫీసు అజ్మాన్‌లోనే ఉన్నదట, ఒకసారి పోయి చూసి అసలుదో నకిలీదో చెప్పమని నన్ను అడిగావు.

వేరే జర్నల్‌ల సంగతీ రాశావు. ఒకటి ఎనిమిది నెలలు ఉంచుకుని చదవకుండానే తిప్పి పంపింది. ఇంకొకటి చదవకముందే రెండు లక్షల డెబ్బై వేలు ఫీజు అని చెప్పింది. అసలు ఈ పేపరు రాయడానికి నువ్వు చదవాల్సిన పేపర్లే తాళం వేసి ఉన్నాయి, ఒక్కోదానికి మూడు వేలు. రాసేవాళ్లకు జీతం ఇవ్వరు, తప్పులు దిద్దేవాళ్లకు ఇవ్వరు, మళ్లీ వాళ్ల దగ్గరే డబ్బు తీసుకుంటారు, ఇదేం న్యాయం బాపూ అని అడిగావు. అన్నిటికన్నా ఈ అజ్మాన్ జర్నలే నయమని, నీ పేపరును శ్రద్ధగా చదివినవాళ్లు వీళ్లేనని రాశావు.

ఆ ఆఫీసు చూశాను. చెబుతాను. దానికి ముందు నన్ను కొంచెం వెనక్కి పోనివ్వు. సూటిగా మొదలుపెడితే నా చెయ్యి కదలదు.

హన్మకొండలో యూనివర్సిటీకి పోయే దారిలో ఉండే మా జిరాక్సు దుకాణం నీకు లీలగా గుర్తుండాలి. సెలవుల్లో వచ్చినప్పుడు నిన్ను కాగితాల కట్టల మీద కూర్చోబెట్టేవాణ్ణి. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పి, పంతొమ్మిది వందల తొంభై మూడులో నేను అందులో చేరాను. జిరాక్సు మిషను మూత కింద నుంచి ఆకుపచ్చని వెలుగు ఇటు నుంచి అటు పోయేది. ఆ పోయే లోపల ఒక వాక్యం చదవడం అలవాటు చేసుకున్నాను. రోజుకు ఎనిమిది వందల పేజీలైతే ఎనిమిది వందల వాక్యాలు. మొదట్లో ఒక్కటీ అర్థం కాలేదు. రెండేళ్లకు మూడింట ఒకటి అర్థమయ్యేది. రాత్రికి నా పుస్తకంలో ఆ రోజు ఎండో వానో, చేసిన పనులేమిటో, కొత్తగా తెలిసిన మాటలేమిటో రాసుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

బైండింగు ఇంకా బాగుండేది. నల్ల రెక్సిన్ అట్ట మీద సీసపు అక్షరాలు కాల్చి అద్దితే పేరు బంగారు రంగులో లేచేది. తమ పేరు అలా చూసుకుని పెద్దపెద్దవాళ్లు కూడా చిన్నపిల్లల్లా వేలితో తడిమేవారు. నీ పేరు అట్లా అద్దాలని నాకు అప్పుడే ఉండేది.

జువాలజీలో విఠల్ సారు ఉండేవారు. చెరువు చేపల మీద పరిశోధన. ఎక్కడో పోలండులోనో బ్రెజిల్‌లోనో ఎవరో ఒక పేపరు రాశారని తెలిస్తే, దుకాణానికి వచ్చి నాతో కార్డు రాయించేవారు. సారు దస్తూరి ఆయనకే అర్థం కాదు. "అయ్యా, మీ పేపరు ప్రతి ఒకటి పంపితే మీకు రుణపడి ఉంటాను", ఇంతే సంగతి. రెండు నెలలకో మూడు నెలలకో కవరు వచ్చేది. లోపల అచ్చు ప్రతి, పైన రాసినాయన సంతకం. ఒక్కరూ పైసా అడగలేదు. కవరు మీద స్టాంపులు నాకిచ్చేవారు. చేప బొమ్మది నీకిస్తే నోట్లో పెట్టుకున్నావు.

ఒకసారి సారును అడిగాను, మనమెవరో తెలియకుండా వాళ్లెందుకు పంపుతారని.

"చదివేటోడు అడిగిండు, రాసినోడు పంపిండు. నడుమ ఎవడున్నడు భోజన్నా? పోస్ట్‌మన్ ఒక్కడే" అన్నారు.

నేనూ నడుమ ఉన్నవాణ్ణే కదా అనిపించి, పేజీకి అర్ధరూపాయి తీసుకుంటున్నామే మరి అన్నాను.

"నువ్వు కాగితానికి తీసుకుంటున్నవు, కరెంటుకు తీసుకుంటున్నవు. సదువుకు తీసుకుంటలేవు" అన్నారు.

ఆ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. నాకు బాగా గుర్తున్నది ఆ కవర్ల వాసన. ఒక్కో దేశానిది ఒక్కో వాసన. కోసి తీసేటప్పుడు సారు, నేను ఇద్దరం ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ పన్నెండు, పదమూడేళ్లే నా చదువు అనిపిస్తుంది.

రెండు వేల ఆరులో దుబాయ్ వచ్చి సజ్జా అనే చోట ఒక ప్రెస్సులో పడ్డాను. అక్కడా బైండింగే. బడి పుస్తకాలు, నోటు పుస్తకాలు. జిగురు వాసన, మిషన్ల చప్పుడు, క్యాంపు గదిలో పన్నెండు మంది, శుక్రవారం మధ్యాహ్నం పప్పుచారు. అదీ మంచి కాలమే. కుట్టు ఊడిన పుస్తకం ఒక్కటి బయటికి పోతే సిగ్గుపడే మనుషులం.

బిడ్డా, ఆ ప్రెస్సు రెండు వేల ఇరవైలో కరోనాలో మూతపడింది. నేను ఇంకా అక్కడే పని చేస్తున్నట్టు నీకు, మీ అమ్మకు మూడున్నరేళ్లుగా చెబుతూ వచ్చాను. మొదట మీరు భయపడతారని చెప్పలేదు. తర్వాత చెప్పుకునే పని కాదని చెప్పలేదు.

నాలుగు నెలలు జీతం లేదు. ఎవరో దాతలు క్యాంపుకు తెచ్చే అన్నం పొట్లాల మీద బతికాము. అప్పుడు సుబ్బరాజు అనే భీమవరం మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ప్రెస్సుకు అచ్చు పనులు తెచ్చేవాడు, నా పని ఎరిగినవాడు. తనకు ఒక పబ్లిషింగ్ ఆఫీసు ఉందని, పేజీలు సరిగ్గా పేర్చేవాడు కావాలని అన్నాడు. కొత్త వీసా కొట్టించాడు, గదికి అడ్వాన్సు కట్టాడు. ఆకలి మీద ఉన్నప్పుడు అన్నం పెట్టిన మనిషి. ఇది మరచిపోకుండా మిగతాది చదువు.

ఆఫీసు అజ్మాన్‌లో ఒక టీ కొట్టు పైన రెండు గదులు. బోర్డు లేదు. ముగ్గురం మనుషులం, పద్నాలుగు జర్నల్‌లు. అన్నిటి పేరు ముందూ అంతర్జాతీయ అని ఉంటుంది. దేశదేశాల నుంచి పేపర్లు వస్తాయి. నేను పేజీలు పేర్చి, బొమ్మలు సరిచేసి, చివర ఇచ్చిన పుస్తకాల పట్టీ చూస్తాను. ఒక్కో పేపరుకు రోజున్నర పడుతుంది. అది అబద్ధపు పని కాదు. ఆ రోజున్నరకు కూలి తీసుకుంటే విఠల్ సారు కూడా తప్పు పట్టరు. కాని మేము తీసుకునేది ఆరు వందల డాలర్లు.

పేపరును ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరు చదివి రివ్యూ రాయాలి కదా. మా ఆఫీసులో ఆ ఇద్దరు లేరు. మొదటి రివ్యూ సుబ్బరాజు రాస్తాడు, పది వాక్యాలు ముందే రాసి పెట్టుకున్నాడు, వాటినే అటూ ఇటూ మారుస్తాడు. రెండోది నన్ను రాయమన్నాడు. పదో తరగతి తప్పినవాణ్ణని చెబితే, ఎవరు చూడొచ్చారండీ అన్నాడు.

నేను చేసిన తప్పేమిటంటే, చదవకుండా రాయలేకపోయాను. బైండింగులో పేజీలు లెక్కపెట్టకుండా కుట్టు వేయము. ఆ చేతికి అదే అలవాటు. పట్టికలో అంకెలు కూడేవాణ్ణి. బొమ్మ కింద ఒకటి, లోపల ఒకటి ఉంటే పట్టుకునేవాణ్ణి. సబ్జెక్టు తెలియకపోయినా, ఈ మాట ఆ మాటకు సరిపోవడం లేదని తెలుస్తుంది కదా. అవన్నీ రివ్యూలో రాసేవాణ్ణి. ఒకసారి రెండు పేజీలు రాస్తే సుబ్బరాజు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంటండీ భోజన్నగారూ, రివ్యూ రాశారా, కోర్టులో వాదించారా? బాగుంది అని నాలుగు లైన్లు రాయండి, ఖలాస్. ఆయన డబ్బులు కట్టేవాడండీ, పరీక్ష రాసేవాడు కాదు" అన్నాడు.

కాని కొన్నాళ్లకు అతనే నన్ను ఆపడం మానేశాడు. అంత వివరంగా తప్పులు చూపిస్తే రాసినవాళ్లకు మా మీద నమ్మకం కుదురుతున్నదట. సంతకం తొందరగా పెడుతున్నారట. నా శ్రద్ధ అతనికి గాలపు ఎర అయింది. అది తెలిసి కూడా నేను రాశాను. ఎందుకని నువ్వు అడుగుతావు. కొత్త పేపరు చేతికి వస్తే హన్మకొండ దుకాణంలో ఉన్నట్టు ఉండేది బిడ్డా. నన్ను కూడా చదువుకున్నవాడిగా లెక్కపెట్టి, "గౌరవనీయులైన రివ్యూయరు గారికి" అని ప్రొఫెసర్లు జవాబు రాసేవారు. ఆ మాట కోసం రాశాను. ఇంతకన్నా మంచి కారణం లేదు.

అక్టోబరు మొదట్లో పేరు తీసేసిన పేపరు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. మొదటి పేజీలోనే మెట్‌పల్లి అని ఉంది. చాట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చునే తీరు, తంబాకు ధూళి, తునికాకు కోసే కత్తెర. ఎవరు రాశారో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. గొట్టంలో ఊదమని నువ్వు ఊపిరి కొలిచే మిషను తెస్తే, "కట్టెల పొయ్యి ఊది ఊది ఉన్న ఊపిరంత అయిపాయె, ఇంక నీ గొట్టంల ఏం ఊదాల్నే" అని మీ అమ్మ నిన్ను తిట్టిన సంగతి ఫోనులో చెప్పావు. ఆమె అంకె కూడా ఆ పట్టికల్లో ఎక్కడో ఉందని తెలిసి, మూడుసార్లు చదివాను. నువ్వు రాసింది నేను చదవడం అదే మొదటిసారి.

ఆ రోజే నీకు చెప్పి ఉండాల్సింది. చెబితే నేనెక్కడ ఉన్నానో చెప్పాలి. ఒక రోజు ఆగుదామనుకున్నాను. ఆ రోజు ఇన్ని రోజులైంది.

మూడో పట్టికలో, పదేళ్లు చేసినవాళ్లు అరవై ఎనిమిది, ఇరవై ఏళ్లు చేసినవాళ్లు తొంభై ఒకటి, ఆ పైన చేసినవాళ్లు యాభై రెండు. కూడితే రెండు వందల పదకొండు. పైన మాత్రం రెండు వందల పన్నెండు మంది అని రాశావు. రివ్యూలో అడిగాను, ఆ ఒక్క మనిషి ఎక్కడ అని.

వారానికి నీ జవాబు వచ్చింది. ఆ ఒకరు రెండోసారి ఊదక ముందే మరణించారని, ఆ మాట పట్టిక కింద చేరుస్తున్నానని. పేరు అందులో లేదు. పోయిన శుక్రవారం అందిన నీ ఉత్తరంలో ఉంది. హుస్సేనమ్మ. మీ అమ్మ పక్కన ఇరవై ఏళ్లు కూర్చుని బీడీలు చుట్టిన మనిషి. నేను దుబాయ్ బయలుదేరిన రోజు నీ జడ వేసింది ఆమే. ఆమెను అంకెల్లో నుంచి జారవిడిచినందుకు రాత్రంతా ఏడ్చానని రాశావు. ఆ కిందే ఇంకో మాట రాశావు. "ఆ ఒక్క మనిషేది అని అడిగినోడు దొంగ కాడు బాపూ. అందుకే నమ్ముతున్న."

ఆ అడిగినవాణ్ణి నేనే.

ఇది రాసి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. మళ్లీ రాస్తున్నాను.

ఆఫీసు అసలుదా నకిలీదా అంటే, నకిలీది. సంతకం పెట్టకు. పెడితే పేపరు వాళ్లదవుతుంది. ఇక్కడ ఒకసారి వచ్చిందంటే మంచి జర్నల్ ఏదీ దాన్ని మళ్లీ తీసుకోదు. రేపు మీ కమిటీవాళ్లు ఈ జర్నల్ లెక్కలోకి రాదంటే నీ నాలుగేళ్లూ, ఆ ఆడవాళ్లు ఊదిన ఊపిరీ మట్టిపాలు. మీ అమ్మ పీఎఫ్ అలాగే ఉండనివ్వు.

నిన్న సుబ్బరాజుకు చెప్పాను, అది మా అమ్మాయి పేపరని. "ముందే చెబితే సగం ఫీజు తగ్గించేవాణ్ణి కదండీ" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే బాధపడ్డాడు. వెనక్కి తీసుకుంటామంటే, దానికీ ఫీజు ఉందండీ, రూలు అన్నాడు. సంతకమే కాలేదు, మీ రూలు మా బిడ్డకు తగలదు అన్నాను. ఇంతకాలంలో అతనికి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. నేను ఇంకా ఏదో అనబోతున్నానని అతనికి అర్థమైంది.

"మీ వీసా నా చేతిలో ఉందండి భోజన్నగారూ. యాభై ఏళ్లకు దగ్గర పడ్డారు. వీసా ఇచ్చే ఇంకో కఫీల్ దొరుకుతాడంటారా?" అన్నాడు మెల్లగా.

దొరక్కపోవచ్చు. రాత్రి ఆలోచించి ఈ నిర్ణయానికి వచ్చాను. అయూబ్ రేపు రాత్రి విమానానికి బయలుదేరుతున్నాడు. ఆదివారం హాస్టల్‌కు వచ్చి ఈ ఉత్తరంతో పాటు నా రోజువారీ పుస్తకాలు నాలుగు ఇస్తాడు. నేను రివ్యూ రాసిన ప్రతి పేపరు పేరు, తేదీ, నేను పట్టిన తప్పులు, వాటిలో దిద్దకుండా పోయినవి ఏవో అన్నీ అందులో ఉన్నాయి. మూడు వందల నలభై ఒకటి. మీ సనోబర్ మేడమ్‌కు ఇవ్వు. ఆమె నీ గైడు, ఏం చేయాలో ఆమెకు తెలుస్తుంది. ఈ రాసినవాడు ఎవరని అడిగితే మా బాపు అని చెప్పు. దాచవద్దు. వాటిలో ఎంతమంది పిల్లలు తమ ఇంట్లోవాళ్ల డబ్బు కట్టారో నాకు తెలియదు. నా రివ్యూ చూసి కట్టినవాళ్లున్నారని మాత్రం తెలుసు.

మేడమ్ ఇదివరకు చెప్పిన డాక్టర్ల సంఘం జర్నల్ ఉంది కదా, ఫీజు లేదు, తాళం లేదు, కాని ఏడాది పడుతుందని నువ్వు వద్దన్నది. దానికి పంపు. ఏడాది పట్టనివ్వు. ఆ లోపల నువ్వు రాసింది తెలుగులో చెప్పు, మీ అమ్మవాళ్లు బీడీలు చేసే చోట కూర్చుని. వాళ్లు ఊదిందేమిటో మొదట వాళ్లకు తెలియాలి. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

నువ్వు నా మీద కోపగించుకుంటే కోపగించుకో. మీ అమ్మకు మాత్రం నేనే చెప్పుకుంటాను. ఈసారి తిన్నవా, తిన్నతో ఆపను.

ఒక్కటి నీకు తెలియాలి. నీ రివ్యూ చివర నేను ఒక మాట రాశాను. సుబ్బరాజు దాన్ని తీసేసి, ప్రచురించవచ్చు అని పెట్టాడు. నీ దాకా రాని ఆ మాట ఇది. "ఈ పేపరు రాసినవారు ఈ ఆడవాళ్ల పక్కన నేల మీద కూర్చున్నారని తెలుస్తున్నది. దీన్ని మేము అచ్చు వేయరాదు. మాకు అంత అర్హత లేదు."

ఇట్లు,
నీ పేపరును కన్నతండ్రిగా కాక రివ్యూయరుగా ముందు చదివిన
నీ బాపు,
భోజన్న.